ఫ్రాన్స్ పల్లెల్లో వారం రోజులు: దోర్దోన్య, వెజేర్ లోయల్లో నడక, సైకిల్ మా వయసు వాళ్ళకి వీలవుతుందా?

తెనాలి_మాస్టారు

అందరికీ నమస్కారం. నేను జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాను. మా అమ్మాయి తులూజ్‌లో ఉద్యోగం చేస్తోంది. వచ్చే జూన్‌లో నేనూ మా ఆవిడా తన దగ్గరికి వెళ్తున్నాం. పారిస్ చూశాక ఒక వారం ఎక్కడైనా పల్లెల్లో గడపాలని ఉంది. అమ్మాయి దోర్దోన్య వైపు వెళ్దామంటోంది. ఆ ప్రాంతానికి పెరిగోర్ అని పాత పేరు కూడా ఉందట.

నాకు ఆ వైపు వెళ్ళాలని ఉండటానికి సొంత కారణం ఒకటుంది. మన బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహలున్నాయి కదా, ఇప్పుడు నంద్యాల జిల్లాలోకి వచ్చాయి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్, ఆయన కొడుకు అక్కడ తవ్వకాలు జరిపారు. అందులో దొరికిన ఎముక పనిముట్లను ఫ్రాన్స్‌లోని మాగ్దలీనియన్ కాలపు (పాతరాతి యుగం చివరి దశ) పనిముట్లతో పోల్చారు. ఆ మాట క్లాసులో ఏళ్ళ తరబడి చెప్పాను. పిల్లల్ని బిల్లసర్గం తీసుకెళ్ళి చూపించాను కూడా. పోలికలో రెండో వైపున్న చోటు మాత్రం నేను చూడలేదు. అది ఈ లోయల్లోనే ఉందని తెలిసినప్పటి నుంచి నాకు వేరే ఏ ఊరూ పట్టడం లేదు.

ఇప్పుడు అసలు సంగతులు. మా ముగ్గురిలో ఎవరమూ అక్కడ కారు నడపలేం. నేను రోజూ ఉదయం కాలవగట్టు మీద సైకిల్ తొక్కుతాను, కానీ అంతా చదును నేల. కొండ ఎక్కడం అలవాటు లేదు. మా ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. చదునుగా ఉంటే రెండు మూడు కిలోమీటర్లు హాయిగా నడుస్తుంది, మెట్లంటే భయం. పైగా తను గుడ్డు కూడా ముట్టదు. ఎక్కడ ఉండాలి? అందరూ సార్లా అంటున్నారు, అదే మంచిదా? ఆదిమానవులు గీసిన బొమ్మల గుహలు నిజంగా చూడనిస్తారా, లేక నకళ్ళు చూసి రావాల్సిందేనా? తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.

తులూజ్_పద్మజ

మాస్టారూ, మీ ప్రశ్న చదివి చాలా సంతోషమేసింది. మాది కాకినాడ. పెళ్ళయ్యాక తులూజ్ వచ్చి ఇక్కడే స్థిరపడ్డాం. వసంతం వస్తే చాలు, మా ఇంట్లో అందరం ఆ లోయలకి వెళ్తాం. నాకు ఫ్రాన్స్‌లో ఇంతకంటే ఇష్టమైన చోటు లేదు. అందుకని కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఉండే చోటు సంగతి. సార్లా అందమైన ఊరే, కాదనను. కానీ మీ కోరికకి, మీ ఆవిడ గారి మోకాళ్ళకి, కారు లేకపోవడానికి సరిపోయే ఊరు లెజెజీ. వెజేర్ నది ఒడ్డున ఉంటుంది, రైల్వే స్టేషన్ ఊళ్ళోనే ఉంది. తులూజ్ నుంచి ఆజాన్ దాకా బోర్డో వైపు వెళ్ళే రైలు ఎక్కి, అక్కడ పెరిగ్యో వెళ్ళే చిన్న రైలు మారితే నేరుగా లెజెజీలో దిగొచ్చు. ఆ చిన్న రైళ్ళు రోజుకు కొన్నే ఉంటాయి. ఆజాన్‌లో ఎంతసేపు ఆగాలో చూసుకుని టికెట్లు తీసుకోండి. అది పొలాల మధ్య, అడవుల మధ్య నెమ్మదిగా పోయే దారి. కిటికీ పక్కన కూర్చోండి.

ఆ ప్రాంతంలో రెండు నదులు. వెజేర్ చిన్నది, దోర్దోన్య పెద్దది. వెజేర్ వచ్చి లిమొయ్ అనే ఊరి దగ్గర దోర్దోన్యలో కలుస్తుంది. నా సలహా ఒక్క ముక్కలో చెప్పాలంటే, వెజేర్ లోయని కాళ్ళతో చూడండి, దోర్దోన్య లోయని సైకిల్ మీద చూడండి. కోటల లెక్క పెట్టుకుని రోజుకు మూడు చొప్పున తిరిగేవాళ్ళు సాయంత్రానికి పార్కింగ్ స్థలాలే ఎక్కువ చూసి ఉంటారు. అక్కడ గుహలు, కోటలు, పల్లెలు అన్నీ నది మలుపుల్ని పట్టుకునే ఉన్నాయి. నది వెంట నెమ్మదిగా వెళ్ళేవాళ్ళకే అవి ఒకదానికొకటి ఎలా ముడిపడ్డాయో తెలుస్తుంది.

ఎందుకలా అంటే, ఆ కొండలు సున్నపురాయి. నది కోసుకుంటూ పోయినచోట నిలువు గోడల్లా నిలబడ్డాయి. రాయిలో గట్టి పొరలు, మెత్తటి పొరలు ఉన్నాయి. మంచుయుగపు చలికి మెత్తటి పొర పగిలి రాలిపోతే, పైన ఉన్న గట్టి రాయి మన పెంకుటిళ్ళ చూరులా ముందుకి పొడుచుకుని నిలిచింది. ఆ చూరు కింద వేల ఏళ్ళు మనుషులు బతికారు. ఎండ తగిలేలా దక్షిణం వైపు చూసే రాతి ఆశ్రయాలంటే వాళ్ళకి మరీ ఇష్టం. లెజెజీలో ఈ రోజుకీ కొన్ని ఇళ్ళు వెనక గోడ కట్టుకోలేదు, కొండే గోడ. 1868లో దారి పనులు చేసే కూలీలకు అదే ఊళ్ళో ఒక రాతి ఆశ్రయంలో అస్థిపంజరాలు దొరికాయి. పాఠ్యపుస్తకాల్లో క్రోమాన్యన్ మానవుడు అని మీరు చెప్పినది వాళ్ళ గురించే. ఆ ఆశ్రయం పేరే క్రోమాన్యన్.

ఇక మీ మాగ్దలీనియన్. ఆ పేరు లా మదలెన్ అనే చోటు నుంచి వచ్చింది. లెజెజీకి ఎగువన, త్యుర్సాక్ పల్లె దగ్గర, వెజేర్ బాగా మెలిక తిరిగే చోట ఉంది. 1860లలో లార్తే, క్రిస్టీ అనే ఇద్దరు అక్కడ తవ్వారు. 1864లో, ఎప్పుడో అంతరించిపోయిన మామత్ ఏనుగు బొమ్మ చెక్కిన దంతపు ముక్క దొరికింది. మామత్‌ను కళ్ళారా చూసిన మనిషే దాన్ని చెక్కాడని అప్పుడు రుజువైంది. మనిషీ ఆ జంతువూ ఒకే కాలంలో ఉన్నారా లేదా అని పండితులు వాదించుకుంటున్న రోజులవి. ఆదిమానవుల ఆశ్రయం నది ఒడ్డున కింద ఉంటుంది. దానిపైన కొండ గోడలో మధ్యయుగపు పల్లె ఒకటి తొలిచి ఉంది, టికెట్ కొని చూడొచ్చు. ఇంకా కొంచెం పైకి వెళ్తే ల మూస్తియె వస్తుంది. నియాండర్తల్ మనుషుల పనిముట్లకి మూస్తీరియన్ అని పేరు పెట్టింది ఆ ఊరిని బట్టే. మీరు పాఠాల్లో చెప్పిన రెండు యుగాల పేర్లు ఒక పూట నడకలో వచ్చేస్తాయి మాస్టారూ.

కానీ వీటన్నిటికంటే ముందు లెజెజీలోని జాతీయ చరిత్రపూర్వ మ్యూజియంలోకి వెళ్ళండి. లా మదలెన్‌లో దొరికిన ఒక వస్తువు అక్కడుంది. రెయిన్‌డీర్ కొమ్ము మీద చెక్కిన అడవిదున్న. తల వెనక్కి తిప్పి తన ఒళ్ళు తానే నాకుతూ ఉంటుంది. అరచేతిలో పట్టేంత. కొమ్ము ముక్కలో ముందుకు చోటు చాలక తల వెనక్కి తిప్పాడేమో ఆ శిల్పి, నాకైతే అలాగే అనిపిస్తుంది. మా పిల్లలు లాగుతున్నా నేను ఆ అద్దం ముందు నుంచి కదలను. మ్యూజియంకి మంగళవారం సెలవు ఉంటుంది, చూసుకుని వెళ్ళండి.

గుహల గురించి అడిగారు. అసలు బొమ్మలు చూడనిచ్చే గుహలు ఇంకా ఉన్నాయి. ఫోం ద గోమ్ లెజెజీ నుంచి కిలోమీటరు దూరం. రంగులద్దిన అడవిదున్నలు, గుర్రాలు, రెయిన్‌డీర్లు అన్నీ అసలువే. కానీ రోజుకు చాలా కొద్దిమందినే లోపలికి పంపుతారు. బుకింగ్ పద్ధతి మారుతూ ఉంటుంది కాబట్టి మీ అమ్మాయిని అధికారిక వెబ్‌సైట్‌లో ఇప్పటి నుంచే చూడమనండి. గుహ నోటి దాకా కాలిబాట ఏటవాలుగా ఎక్కుతుంది. మీ ఆవిడ గారికి అది కష్టం. ఆవిడకి సరైనది రూఫిన్యాక్. కొండ లోపల 8 కిలోమీటర్లకు పైగా సొరంగాలు, చిన్న ఎలక్ట్రిక్ రైల్లో కూర్చోబెట్టి తీసుకెళ్తారు. మధ్యలో దింపి ఒక పెద్ద కప్పు చూపిస్తారు. దాని నిండా మామత్‌లు, గుర్రాలు, కొండమేకలు నల్ల గీతల్లో. లోపల 13 డిగ్రీల చలి, శాలువా తప్పనిసరి. లెజెజీ నుంచి కొండదారి కాబట్టి టాక్సీ మాట్లాడుకోండి. ముందు రోజే చెప్పాలి, అక్కడ రోడ్డు మీద నిలబడితే టాక్సీ దొరకదు.

ఇద్దరూ కలిసి నడవడానికి లెజెజీ నుంచి లోజెరీ బాస్ అనే రాతి ఆశ్రయం వైపు నది పక్కన వెళ్ళండి, మెట్లు లేకుండా ఆ కొండ గోడ మొత్తం చూడొచ్చు. ఇంకో చోటు సాన్ లెయోన్ స్యుర్ వెజేర్. నదికి ఆనుకుని పన్నెండో శతాబ్దం నాటి చర్చి, దాని చుట్టూ రాతిపలకలు కప్పిన ఇళ్ళు, చెట్ల నీడన గట్టు. మీ ఆవిడ గారు అక్కడ కూర్చుంటే మీరు కొండెక్కి రావచ్చు. ఆ ఊరి పైన అడవిలో టిబెటన్ బౌద్ధుల కేంద్రం కూడా ఉంది.

సైకిల్ గురించి బోర్డోలో ఉండే తమ్ముడు బాగా చెబుతాడు, ఇక్కడే ఉంటాడు, పిలుస్తున్నాను.

బోర్డో_సైకిల్

వచ్చానక్కా. మాస్టారు గారూ, నమస్కారం. నేను బోర్డోలో పీహెచ్‌డీ చేస్తున్నాను, సెలవు దొరికితే ఆ వైపే తొక్కుతాను.

ఉండే చోటు విషయంలో నాకు అక్కతో కొంచెం తేడా ఉంది. వారం మొత్తం లెజెజీలోనే ఉంటే మీకు సైకిల్ సుఖం దొరకదు. లెజెజీ నుంచి సార్లాకి సైకిల్ మీద వెళ్ళాలంటే 20 కిలోమీటర్ల పైచిలుకు, మధ్యలో ఎక్కుడు. కాబట్టి నాలుగు రాత్రులు లెజెజీ, మిగతావి సార్లా అనుకోండి. బుధవారం, శనివారం సార్లాలో సంత ఉంటుంది, అందులో ఒకటి కలిసొచ్చేలా పెట్టుకోండి. తిరుగు ప్రయాణం సార్లా నుంచి బోర్డోకి నేరుగా రైలుంది, అక్కడ నుంచి తులూజ్ రైలు ఎక్కొచ్చు. లేదా సుయాక్ స్టేషన్ నుంచి కాఓర్ మీదుగా తులూజ్ రెండు గంటల్లోపు.

సార్లా మీకు ఎందుకంటే, అక్కడి నుంచి దోర్దోన్య నది దాకా పాత రైలు దారి మీద తారు వేసి సైకిళ్ళకి, నడిచేవాళ్ళకి ఇచ్చేశారు. కార్లు రావు. కార్సాక్, గ్రోలెజాక్ మీదుగా సుయాక్ వైపు సాగుతుంది. రైళ్ళ కోసం వేసిన దారి కదా, ఎక్కడా నిటారు ఎత్తు ఉండదు. సార్లా నుంచి నది వైపు దిగుడు, వచ్చేటప్పుడు అంతే నెమ్మదిగా ఎక్కుడు. చెట్ల నీడ, కొండని కోసిన చోట రెండు పక్కలా రాళ్ళు, గ్రోలెజాక్ దగ్గర పాత రైలు వంతెన మీద నుంచి నది. మీ కాలవగట్టు అలవాటుకి ఇది సరిగ్గా సరిపోతుంది. ఎలక్ట్రిక్ సైకిల్ తీసుకోండి మాస్టారు గారూ, మొహమాటం వద్దు. అద్దె మామూలు సైకిల్‌కి దాదాపు రెట్టింపు ఉంటుంది, కానీ దోమ్ కొండ ఎక్కేటప్పుడు దాని విలువ తెలుస్తుంది. మోటారు గంటకు 25 కిలోమీటర్ల వరకే సాయం చేస్తుంది, తర్వాత మన కాళ్ళే.

దోమ్ 1281లో రాజు మూడో ఫిలిప్ కొండ మీద కట్టించిన కోట ఊరు. పైనుంచి చూస్తే కింద నది మొత్తం, వాల్‌నట్ తోటలు, మొక్కజొన్న చేలు కనిపిస్తాయి. 1307లో టెంప్లర్లు అనే క్రైస్తవ యోధ సన్యాసులని పట్టుకున్నప్పుడు కొందరిని అక్కడి కోట ద్వారం బురుజుల్లో పెట్టారు, గోడల మీద వాళ్ళు గీసిన గీతలున్నాయంటారు. చరిత్ర మాస్టారు కాబట్టి మీకు చెబుతున్నాను. కింద సెనాక్ దాకా సైకిల్ మీద వచ్చి, కొండ మీదికి మోటారు సాయంతో ఎక్కండి.

ఇప్పుడు జాగ్రత్త చెప్పాల్సిన రోడ్డు ఒకటుంది. విత్రాక్ నుంచి లా రోక్ గజాక్, అక్కడి నుంచి బేనాక్ పోయే డి703. మ్యాపులో చూస్తే నది పక్కనే గీత గీసినట్టు ఉంటుంది, అందరూ అదే ఎంచుకుంటారు. ఒక పక్క కొండ, ఒక పక్క నది, మధ్యలో ఇరుకు రోడ్డు, దాని మీద టూరిస్టు బస్సులు. జూన్‌లో పొద్దున్న 9 లోపు అయితే ఫరవాలేదు. జులై, ఆగస్టులో నేను ఆ రోడ్డు మీదికి పోను. బేనాక్ చుట్టూ బైపాస్ రోడ్డు వేయాలని పనులు మొదలుపెడితే, 2018 డిసెంబరులో ఫ్రాన్స్ అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం ఆపేసింది. మరుసటి ఏడాది కట్టినవి కూల్చమని కోర్టు తీర్పిచ్చింది. ఊళ్ళో లారీల రద్దీ భరించలేమనేవాళ్ళు ఒక పక్క, లోయని పాడుచేయొద్దనేవాళ్ళు ఒక పక్క. ఆ రెండు మాటల్లోనూ న్యాయం ఉంది, కానీ కోటల మధ్య కాంక్రీటు వంతెనలు పడకూడదనే నా మనసు.

మీరు మాత్రం దక్షిణపు గట్టు పట్టుకోండి. సెనాక్ నుంచి డి50 మీద సాన్ సిబ్రానే, అక్కడి నుంచి సెయూ వాగు వెంట కాస్తెల్నో. కార్లు తక్కువ. కాస్తెల్నో కోట ఎదురుగా నదికి అవతల కొండ మీద బేనాక్ కోట. వందేళ్ళ యుద్ధంలో ఒకటి ఇంగ్లిష్ వైపు, ఒకటి ఫ్రెంచ్ వైపు. రెండిటి మధ్యా ఒక్క నది. కాస్తెల్నోలో పాతకాలపు యుద్ధ సామగ్రి మ్యూజియం ఉంది, రాళ్ళు విసిరే పెద్ద యంత్రాలు నిలబెట్టి ఉంచారు.

అక్కడి నుంచి ఇంకో ఐదు కిలోమీటర్లు అదే గట్టున పోతే మిలాండ్ కోట. జోసెఫిన్ బేకర్ ఇల్లు అది. అమెరికాలో పేదరికంలో పుట్టి, పారిస్‌లో నర్తకిగా పేరు తెచ్చుకుని, రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఫ్రెంచ్ ప్రతిఘటన కోసం గూఢచర్యం చేసిన మనిషి. వేర్వేరు దేశాల నుంచి 12 మంది పిల్లల్ని దత్తత తీసుకుని ఆ కోటలో పెంచింది. చివరికి అప్పులు తీర్చలేక ఇల్లు పోగొట్టుకుంది. ఆమెని ఆ ఇంట్లోంచి బయటికి పంపేసినప్పటి ఫోటో ఒకటి చూశాను, దుప్పటి కప్పుకుని వంటగది మెట్టు మీద కూర్చుని ఉంటుంది. 2021 నవంబరు 30న పారిస్‌లో మహనీయుల సమాధి మందిరమైన పాంథియోన్‌లో ఆమెకి చోటిచ్చారు. ఆ గౌరవం దక్కిన మొదటి నల్లజాతి మహిళ. తప్పకుండా వెళ్ళండి.

నియమాలు క్లుప్తంగా. 12 ఏళ్ళ లోపు పిల్లలకే హెల్మెట్ చట్టరీత్యా తప్పనిసరి, అయినా మీరు పెట్టుకోండి. చీకటి పడ్డాక ఊరి బయట మెరిసే జాకెట్ వేసుకోవాలి. కుడి వైపు నడపాలి, మన అలవాటు ఎడమ, కూడళ్ళలో తిరిగాక ఒక్క క్షణం ఆగి చూసుకోండి. చిన్న ఊళ్ళలో బోర్డు ఏమీ లేకపోతే కుడి నుంచి వచ్చే బండికి మొదటి దారి, అది ఎంత చిన్న సందులోంచి వచ్చినా సరే. బస చూసేటప్పుడు అక్యూయి వెలో అనే గుర్తు ఉందేమో చూడండి. సైకిల్ వాళ్ళకి తాళం వేసుకునే గది, రిపేరు సామాను ఉంటాయని దాని అర్థం.

నల్గొండ_స్వాతి

మాస్టారు గారూ, నేను లియోన్‌లో ఉంటాను. మా అమ్మానాన్నలు వచ్చినప్పుడు అటు తీసుకెళ్ళాను. మా అమ్మ కూడా గుడ్డు తినదు. తిండి గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నా.

ఆ ప్రాంతమంతా బాతు మీద బతుకుతుంది. సార్లా పేరుతో ఉండే ఆలుగడ్డల వేపుడు చూడ్డానికి శాకాహారమే, కానీ వేయించేది బాతు కొవ్వులో. వెల్లుల్లి సూప్ ఉంటుంది, అందులో కూడా బాతు కొవ్వో పెద్దబాతు (గూస్) కొవ్వో పడుతుంది, గుడ్డు కూడా కలుపుతారు. సలాడ్ అని అడిగితే పైన మాంసం ముక్కలు చల్లి తెస్తారు. అందుకని వంటగది ఉన్న ఇల్లే తీసుకోండి, వాటిని జీత్ అంటారు. బియ్యం, కందిపప్పు, పోపు సామాను తులూజ్ నుంచే పట్టుకెళ్ళండి. చింతపండు మరిచిపోకండి, అక్కడ పల్లెల్లో దొరకదు.

బయట తినాల్సి వస్తే, ఆర్డర్ ఇచ్చే ముందు ఈ మాటలు చెప్పండి: సాన్ వియాండ్ అంటే మాంసం లేకుండా, సాన్ పొవాసోన్ అంటే చేప లేకుండా, సాన్ ఎఫ్ అంటే గుడ్డు లేకుండా, సాన్ గ్రెస్ ద కనార్ అంటే బాతు కొవ్వు లేకుండా. అన్నిటికన్నా ముందు బోంజూర్ అనండి. అది చెప్పకుండా నేరుగా ప్రశ్న అడిగితే వాళ్ళు ముఖం చిన్నబుచ్చుకుంటారు, చెప్పి అడిగితే చాలా ఓపిగ్గా సాయం చేస్తారు. మా అమ్మ బోంజూర్ ఒక్కటి నేర్చుకుని సంతంతా తిరిగింది.

సంతలో మీ ఆవిడ గారికి కావలసినవన్నీ ఉంటాయి. జూన్‌లో పెరిగోర్ స్ట్రాబెర్రీలు, వాల్‌నట్‌లు, వాల్‌నట్ నూనె, కబెకూ అనే గుండ్రటి చిన్న మేకపాల జున్ను. జున్నులో గడ్డకట్టడానికి వాడేది జంతువుల నుంచి వస్తుంది చాలావాటిలో, ఆవిడ అంత పట్టింపు ఉన్నవారైతే అడిగి కొనండి. వేడి రొట్టె, టమాటా, ఆ వాల్‌నట్ నూనె, మన కారప్పొడి కలిపి మేం నది ఒడ్డున కూర్చుని తిన్నాం. మా నాన్న ఇప్పటికీ ఆ భోజనం మాటే చెబుతాడు.

సార్లాలో ఒక పాత చర్చిని సంత హాలుగా మార్చారు. సెయింట్ మేరీ చర్చి, దానికి జాన్ నూవెల్ అనే ఆర్కిటెక్టు పెద్ద ఇనుప తలుపులు పెట్టాడు. లోపల అద్దాల లిఫ్టులో పైకి వెళ్ళి ఊరి కప్పులన్నీ చూడొచ్చు. మోకాళ్ళ నొప్పులవాళ్ళకి ఎత్తునుంచి ఊరిని చూసే అవకాశం అక్కడ అదొక్కటే. మెట్లెక్కకుండా మా అమ్మ పైకి చేరింది. పడవ కూడా ఎక్కండి, లా రోక్ గజాక్‌లో గబార్ అంటారు. ఒకప్పుడు వాటి మీద కలప, పీపాల చెక్కలు, వైన్ దిగువకి పంపేవాళ్ళట. దిగువకి చేరాక పడవనే విప్పి కలపగా అమ్మేసేవాళ్ళు, ఎందుకంటే ప్రవాహానికి ఎదురు తేవడం కష్టం.

ఇంకొకటి. అడవి దారుల్లో, గడ్డిలో నడిచేటప్పుడు పొడుగు ప్యాంటు, సాక్సులు వేసుకోండి. చిన్న గోమారి పురుగులుంటాయి, కొన్ని కుడితే జ్వరం, లైమ్ అనే జబ్బు వస్తాయి. రాత్రి స్నానం చేసేటప్పుడు మోకాలి వెనక, నడుము దగ్గర ఒకసారి చూసుకోండి. పట్టుకుని ఉంటే మందులషాపులో దాన్ని తీసే చిన్న ప్లాస్టిక్ కొక్కెం అమ్ముతారు.

తెనాలి_మాస్టారు

మీ ముగ్గురికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. మా ఆవిడకి చదివి వినిపించాను. రైలు గుహ, లిఫ్టు ఉన్న చర్చి తనకి, కొండలన్నీ నాకు అని పంపకాలు అయిపోయాయి. మిలాండ్ కోట మాత్రం తను కూడా చూడాలంటోంది, ఆ తల్లి కథ విని.

పద్మజమ్మా, ఒక సందేహం మిగిలింది. అందరూ చెప్పే లాస్కో బొమ్మల గుహకి చేసిన నకలు చూడటానికి అంత దూరం వెళ్ళాలా? అసలు బొమ్మలు ఫోం ద గోమ్‌లో దొరికితే చాలు కదా? నకలు చూశానని చెప్పుకోవడం నాకెందుకో ఇష్టంగా లేదు. కొండల్లో కాలిబాటల గుర్తుల గురించి కూడా కాస్త చెప్పమ్మా, నేనొక్కడినే వెళ్తే దారి తప్పుతానేమోనని అమ్మాయికి టెన్షన్.

తులూజ్_పద్మజ

మాస్టారూ, లాస్కో విషయంలో మీతో నేను ఒప్పుకోను.

1940 సెప్టెంబరు 12న మోంతిన్యాక్ ఊరి కుర్రాళ్ళు ఆ గుహలోకి దిగారు. 1948 నుంచి జనాన్ని అనుమతించారు. రోజుకు వెయ్యి మందికి పైగా వచ్చేవాళ్ళు. వాళ్ళ ఊపిరిలోని తేమ, బొగ్గుపులుసు గాలి, లైట్ల వెలుగు కలిసి గోడల మీద ఆకుపచ్చ నాచు పట్టింది. పదిహేడు వేల ఏళ్ళకు పైగా చెక్కుచెదరని బొమ్మలు పదిహేనేళ్ళలో పాడవడం మొదలైంది. 1963లో మంత్రి ఆంద్రె మాల్రో గుహ మూయించేశాడు. 1983లో మొదటి నకలు తెరిచారు, కొన్ని భాగాలే. 2016 డిసెంబరులో తెరిచిన లాస్కో 4 దాదాపు మొత్తం గుహకి నకలు. గోడ వంపుల్ని కూడా అలాగే చేశారు. చలీ చీకటీ కూడా గుహలో ఉన్నట్టే ఉంచారు.

ఆ వంపుల్ని చూడాలి మాస్టారూ. ఆ చిత్రకారులు బల్లపరుపు గోడ మీద వేయలేదు. రాయి ఎక్కడ ఉబ్బిందో అక్కడ ఎద్దు పొట్ట పెట్టారు. అక్కడ ఎద్దుల్లో ఒకటి అయిదు మీటర్లకు పైనే పొడుగుంటుంది. పుస్తకంలో ఫోటో చూస్తే ఆ కొలత అందదు. ఫోం ద గోమ్‌లో బొమ్మలు అసలువే, కానీ మసకబారాయి, గైడు లైటు వేసి చూపిస్తే గాని కొన్ని కనబడవు. అక్కడ మీరు నిజమైన రంగు ముందు నిలబడతారు. లాస్కోలో ఆ రంగు కొత్తగా ఉన్నప్పుడు ఎలా ఉండేదో తెలుస్తుంది. రెండూ చూడండి, వీలైతే లాస్కో ముందు. మీరు నకలు చూడటం వల్లే అసలు గుహ ఊపిరి పీల్చుకుంటోంది. ఈ మాట మా పిల్లలకి చెప్పినప్పుడు వాళ్ళు మారు మాట్లాడకుండా ఒప్పుకున్నారు. మీ బిల్లసర్గం పిల్లలకి కూడా చెప్పదగ్గ సంగతే.

లాస్కో 4 లోపల గుహ భాగం గైడుతోనే చూడాలి. ఇంగ్లిష్ గైడు సమయాలు తక్కువ ఉంటాయి, ఆన్‌లైన్‌లో ముందే తీసుకోండి. లెజెజీ నుంచి 25 కిలోమీటర్ల దూరం, అది కూడా టాక్సీ రోజే. సాన్ లెయోన్ దారిలోనే వస్తుంది కాబట్టి రెండూ ఒక పూటలో పెట్టుకోండి.

కాలిబాటల గుర్తులు చాలా తేలిక. చెట్ల మీద, రాళ్ళ మీద, కరెంటు స్తంభాల మీద రంగు పట్టీలు వేసి ఉంటాయి. తెలుపు పట్టీ పైన, ఎరుపు పట్టీ కింద ఉంటే అది దూరపు దారి. పసుపు గీత ఒక్కటే ఉంటే ఆ ఊరి చుట్టూ తిరిగి మళ్ళీ అక్కడికే తెచ్చే చిన్న దారి. గుణకారం గుర్తులా అడ్డంగా కొట్టేసి ఉంటే అటు వెళ్ళకూడదని. పది నిమిషాలు నడిచినా రంగు కనబడకపోతే చివరి గుర్తు దాకా వెనక్కి రండి. జిఆర్ 64 అనే దూరపు దారి లెజెజీలో మొదలై బేనాక్, లా రోక్ గజాక్, దోమ్ మీదుగా గ్రోలెజాక్, ఇంకా ముందుకి రోకామదూర్ దాకా పోతుంది. మీరు మొత్తం నడవక్కర్లేదు. సార్లాలో ఉన్నప్పుడు లా రోక్ గజాక్ నుంచి బేనాక్ వైపు ఒక ముక్క నడవండి. కింద రోడ్డు మీద ఉన్నవాళ్ళకి కనబడని లోయ మీకు కనబడుతుంది. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురుంటుంది, తొందర అక్కర్లేదు. కానీ సాయంత్రాలు ఉరుములు, వానలు వస్తాయి, కొండ నడకలు పొద్దున్నే పెట్టుకోండి. సాయం కావాలంటే 112కి ఫోన్ చేయాలి, ఆ నంబరు ఫోన్‌లో పెట్టుకోండి.

మార్కేసాక్ తోట చెప్పడం మరిచాను. బేనాక్ దగ్గర కొండ అంచు మీద లక్షన్నర బాక్స్‌వుడ్ పొదల్ని కత్తెరతో గుండ్రంగా కత్తిరించి ఉంచుతారు. పెద్ద దారి చదునుగానే ఉంటుంది, మీ ఆవిడ గారు కూడా నడవగలరు. చివర నది నుంచి 130 మీటర్ల ఎత్తున ఒక అరుగు. అక్కడ నుంచి మీరు సైకిల్ తొక్కిన దారి, రెండు కోటలు, లా రోక్ గజాక్ అన్నీ ఒకేసారి ఆవిడకి చూపించొచ్చు.

తెనాలి_మాస్టారు

సరేనమ్మా, లాస్కో కూడా పెట్టేశాను. నాలుగు రాత్రులు లెజెజీ, మూడు రాత్రులు సార్లా, రెండు చోట్లా వంటగది ఉండాలని అమ్మాయికి చెప్పాను. సార్లాలో శనివారం సంత కలిసొస్తుంది. లెజెజీకి ఆదివారం మధ్యాహ్నం దిగుతాం. ఆ రోజు కూరగాయలు దొరుకుతాయా?

బోర్డో_సైకిల్

నమ్ముకోకండి మాస్టారు గారూ. ఆదివారం మధ్యాహ్నం నుంచి పల్లెల్లో షాపులు చాలావరకు మూసేస్తారు, సోమవారం కూడా కొన్ని రొట్టెల దుకాణాలు తెరవవు. మామూలు రోజుల్లో కూడా మధ్యాహ్నం 12 దాటాక రెండు మూడు గంటలు విరామం ఉంటుంది. హోటల్లో భోజనం 12 నుంచి 2 లోపు, రాత్రి 7 తర్వాత. మధ్యలో వెళ్తే కాఫీ తప్ప ఏమీ ఇవ్వరు. ఆదివారానికి, సోమవారానికి సరిపడా కూరగాయలు, పాలు, రొట్టె శనివారం తులూజ్‌లోనే కొని సంచిలో వేసుకోండి. ఆజాన్‌లో రైలు మారేటప్పుడు మోయగలిగినంతే తీసుకోండి, ప్లాట్‌ఫాం మారాలంటే మెట్లు ఉండొచ్చు. మీ ఆవిడ గారి చేతికి బరువు ఇవ్వకండి.